తొమ్మిదో అంతస్తు కిటికీ

"పెట్టను."

ఆ ఒక్క ముక్కా అనేసి టైలరమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆదివారం నుంచి గురువారం దాకా ఆవిడ నోటి నుంచి రాలిన మాటలన్నీ పోగేసి పేనినా ఒక గుండీ కుట్టడానికి దారం చాలదు. గుడ్డలు కుట్టే మనిషి నోరు కూడా కుట్టేసుకుంది. ఆ కుట్టు విప్పే కత్తెర దస్త్రంగారి దగ్గర లేదు. ఉన్నది పెన్నొక్కటే. దాని మూత తీసి పావుగంటయింది. సిరా ఆరిపోతోంది కానీ ఆయన ఆశ ఆరడం లేదు.

"నాలుగింటికి రమ్మన్నారే! ఇల్లు నీ పేర ఉంది. సంతకం నేను పెడితే అది వట్టి గీత. నువ్వు పెడితేనే మన రాత."

"అందుకే మా అమ్మ నా పేర రాసింది," అంది టైలరమ్మ సూది మీంచి చూపు తిప్పకుండా. "అల్లుడి చేతిలో ఎప్పుడూ పెన్ను ఉంటుందని ఆవిడకి ముందే తెలుసు."

దస్త్రం అన్నది ఆయన పేరు కాదు. బీమా కంపెనీ రికార్డు రూములో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసినందుకు సహోద్యోగులు అంటించిన లేబులు. ఏ ఫైలు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసి ఇచ్చేవారు. ఇంట్లో కళ్ళజోడు మాత్రం రోజూ వెతుక్కునేవారు.

నాలుగేళ్ళ కిందట కంపెనీ ఊరి చివరికి వెళ్ళిపోయింది. అదే నెలలో ఆయన రిటైరయ్యారు. ఊరి నడిబొడ్డున పద్నాలుగు అంతస్తుల భవనం ఖాళీ అయింది, ఇక్కడ ఈయనా ఖాళీ అయ్యారు. తేడా ఏమిటంటే భవనానికి మళ్ళీ పని దొరికింది. ఆఫీసులన్నీ ఇళ్ళుగా మారుస్తున్నారు. కింద షాపులు, గుమ్మం ముందు ట్రామ్ స్టాపు. పాత ఇల్లు వాళ్ళకి రాసిచ్చేస్తే కొత్త ఫ్లాటు చేతిలో పెడతారట. దస్త్రంగారు ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా తొమ్మిదో అంతస్తులో ఒకటి ఖాయం చేసుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపెట్టారు.

"మన అంతస్తు పెరుగుతోందే!"

"అంతస్తు పెరిగితే మెట్లు పెరుగుతాయి," అంది ఆవిడ. ఇవాళ్టిదాకా ఆవిడ పలికిన పొడుగు వాక్యం అదే. తర్వాత కంచం తీసేసి వెళ్ళిపోయింది.

"కింద ముప్పై షాపులు పెడుతున్నారు," అన్నారు దస్త్రంగారు ఇప్పుడు, ఇంకో దారి పట్టి. "సూది నుంచి సోఫా దాకా ఏదైనా లిఫ్టు దిగితే దొరుకుతుంది."

"సూది నా దగ్గరుంది. సోఫాకి చోటు లేదు."

"ఆ బిల్డింగంటే అంత మంటగా ఉంటే అక్కడ కర్టెన్ల పని ఎందుకొప్పుకున్నావు? పదిహేను రోజులుగా టేపు మెళ్ళో వేసుకుని అక్కడే తిరుగుతున్నావు కదా!"

"పని పనే. పగ పగే."

దస్త్రంగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. నాలుగేళ్ళుగా ఆయన కాళ్ళకి ఆఫీసు టైము పట్టుకుని వదలడం లేదు. తొమ్మిదిన్నరయ్యేసరికి ఎక్కడికో బయల్దేరాలనిపిస్తుంది. గేటు దాకా వెళ్ళి, గేటు గడియ సరిగ్గా ఉందో లేదో చూసి వెనక్కి వస్తారు. ఆ గడియకి నాలుగేళ్ళుగా రోజూ తనిఖీయే.

"నీ భయం నాకు తెలుసు," అన్నారు, గొంతు తగ్గించి. "వెలుతురు. అంతేగా?"

మిషను చక్రం కొంచెం నెమ్మదించింది.

ఆవిడ గదికి తూర్పున పెద్ద కిటికీ ఉంది. దాని పక్కనే మిషను. దీపం కింద అన్ని నీలాలూ ఒక్కలాగే కనిపిస్తాయనీ, పగటి వెలుగు లేనిదే గుడ్డకి దారం రంగు కుదరదనీ ఆవిడ సిద్ధాంతం. ముప్పై ఏళ్ళుగా ఆ కిటికీయే ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు.

"నేను తీసుకున్నది ఏ ఫ్లాటనుకున్నావు? నా సీటు! నా సీటు ఉన్న చోటు! పక్కనే ఆరడుగుల కిటికీ. ఉత్తరం వెలుతురు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరు. ఇరవై ఎనిమిదేళ్ళు నా ఎడమ భుజం మీంచి ఫైలు మీద పడింది. నేను సెలవు పెట్టానేమో కానీ అది ఏనాడూ పెట్టలేదు. అక్కడ నీ మిషను వేస్తాను. నేను కూర్చున్న చోట నువ్వు కూర్చుంటావు."

ఆయన రెండు చేతులూ చాచి ఆ కిటికీ వెడల్పు గాల్లో చూపించారు.

టైలరమ్మ కాళ్ళు ఆగాయి. మొదటిసారి తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. కోపంగా కాదు. చంటిపిల్లాడికి జ్వరం ఉందేమోనని చూసినట్టు.

"ఆ కిటికీ ఆ ఫ్లాటులోనే ఉందా?"

"నా సీటు నాకు తెలీదా!"

అప్పుడే కూతురు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆగకుండా మోగేది కనక ఇంట్లో అందరూ గంట అనే పిలుస్తారు. పెద్దయ్యాక ట్రామ్ డ్రైవరై జీతానికి గంట కొడుతోంది. ఫ్రిజ్ మీద ఆ అమ్మాయి డ్యూటీ కాగితం అంటించి ఉంది. అందులో ప్రతి ఏడుకీ నడుం దగ్గర ఒక అడ్డగీత. అది దస్త్రంగారు నేర్పిన గీత. రికార్డు రూములో ఒకసారి ఎవరో ఏడుని ఒకటిగా చదివినందుకు ఒక ముసలావిడ ఫైలు ఆర్నెల్లు కనిపించకుండా పోయింది. ఆ సాయంత్రమే ఆయన ఇంటికొచ్చి, ఆరేళ్ళ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏడుకి మొలతాడు కట్టకుండా వదలకూడదు" అని నేర్పించారు.

"గంటా, నువ్వైనా చెప్పవే మీ అమ్మకి. డిపో ఎదురుగా ఇల్లు! లిఫ్టు దిగితే ట్రామే."

గంట వేడి టీ నిలబడే తాగేసింది. "నన్ను లెక్కలో వేసుకోకు నాన్నా. నా గది కోసమని ఏమీ చూడకు."

"నిన్ను వెయ్యకపోతే అది లెక్కెలా అవుతుందే?"

మామూలుగా అయితే ఈ మాటకి గంట పది మాటలు మోగించాలి. మోగలేదు. తల్లి వైపు చూసింది. తల్లి సూది వైపు చూసింది.

"టైమయింది," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

దస్త్రంగారు గేటు దాకా వెళ్ళి గడియ చూసి వచ్చేసరికి టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పేసింది. మెళ్ళో టేపు ఉంది. భుజాన సంచీ ఉంది.

"పదండి. ఒక గంట ముందే వెళ్దాం. నా టేపుతో నేను కొలుస్తాను. మీరు చెప్పిన కిటికీ మీ ఫ్లాటులో ఉంటే అక్కడికక్కడే సంతకం పెడతాను."

"లేకపోతే?"

"ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ పుట్టకూడదు."

దస్త్రంగారికి రెక్కలొచ్చాయి. ఇస్త్రీ చొక్కా కోసం బీరువా మీద పడ్డారు. గెలిచిన పందెం కాయడమంత సుఖం ఇంకోటి లేదు.

*

రెండున్నర ట్రామ్ గంటదే. అమ్మానాన్నా ఎక్కడం అద్దంలో చూసి ఆ అమ్మాయి తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"ఇంత ముందరెందుకు? నాలుగింటికన్నారుగా?"

"మీ అమ్మకి తొందర," అన్నారు దస్త్రంగారు గర్వంగా.

"కిందేగా సంతకాలు? పైకేం వెళ్ళక్కర్లేదుగా?"

"కిందే," అంది టైలరమ్మ.

గంట తల లోపలికి పోయింది. డ్రైవరు తలుపు మీద "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉంది. ఆ కుటుంబం ఆ రోజు ఆ బోర్డుని అక్షరాలా పాటించింది. దస్త్రంగారు ముందు సీట్లో, టైలరమ్మ నాలుగు వరసల వెనక. ఇద్దరి మధ్యా ఎక్కిన వాళ్ళు ఎక్కుతున్నారు, దిగిన వాళ్ళు దిగుతున్నారు. మాటలు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

ట్రామ్ ఊరి నడిబొడ్డుకొచ్చింది. టైపు నేర్పే బడి ఉన్న చోట కాఫీ షాపు. స్టాంపు కాగితాలమ్మే ముసలాయన మెట్ల మీద ఇప్పుడు ఫోను తొడుగులు. బ్యాంకు తీసేసి వ్యాయామశాల పెట్టారు. వెనకటికి జనం అక్కడ బరువు దాచుకునేవారు, ఇప్పుడు దించుకుంటున్నారు. నాలుగేళ్ళపాటు కుక్కలు తప్ప నడవని పేవ్‌మెంటు మీద పిల్లల బళ్ళు, కూరల సంచీలు, కుర్చీలు. దస్త్రంగారి మోకాలు అదురుతూనే ఉంది. ఊరు మళ్ళీ లేచి కూర్చుంది. తనే ఇంకా ఊరవతల నిద్రపోతున్నాడు. అదీ ఆయన దిగులు.

బీమా భవనం పాత క్యాష్ కౌంటరులోనే ఇప్పుడు ఫ్లాట్ల కౌంటరు. అక్కడి అమ్మాయి నవ్వి, "కాగితాలు నాలుక్కి రెడీ అవుతాయి అంకుల్. ఈలోపు పైన చూసుకోండి. మీ ఫ్లాటుకి ఇంకా తలుపు బిగించలేదు, తాళంతో పని లేదు," అంది.

"తాళం లేని ఇల్లు, తగువు లేని మొగుడూ పెళ్ళాం!" అన్నారు దస్త్రంగారు. అమ్మాయి నవ్వింది. టైలరమ్మ నవ్వలేదు.

తొమ్మిదో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. దస్త్రంగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏమిటది?"

"చూస్తూ ఉండు. లిఫ్టు నుంచి పన్నెండు అడుగులు. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఎడమకి. అక్కడ్నించి తొమ్మిది. మూడో స్తంభం. దానికి నేను కొట్టిన మేకులుంటాయి, ఏడాదికో క్యాలెండరు, క్యాలెండరుకో మేకు."

పన్నెండు నడిచారు. డ్రమ్ము లేని చోట ఎడమకి తిరిగారు. తొమ్మిది నడిచారు. తొమ్మిదో అడుగున నుదురు ఠప్పుమని ఒక తలుపుకి కొట్టుకుంది.

"మన తలుపు బిగించేశారే! కౌంటరు పిల్లకి తెలిసినట్టు లేదు."

"కళ్ళు తెరవండి," అంది టైలరమ్మ. "అది తొమ్మిది వందల ఏడు. మనది ఎనిమిది. ఇటు."

ఆవిడ వరండా చివరికంటా నడిచి, తలుపు లేని గుమ్మానికి వేలాడుతున్న ప్లాస్టిక్ పట్టా పక్కకి తీసింది.

లోపల సున్నం వాసన. ముందు గదిలో ఒక కిటికీ ఉంది. దానికెదురుగా చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పక్క భవనం పార్కింగు గోడ. టైలరమ్మ టేపు లాగింది. "మూడడుగులు." లోపలి గదిలోకి వెళ్ళింది. అక్కడ మధ్యాహ్నం మూడింటికే మసక. టేపు లాగడానికి ఏమీ లేదు. నాలుగు గోడలు. నాలుగూ కొత్తవే, తడితే డొల్లగా మోగే అట్టగోడలు.

దస్త్రంగారు గదిలో గుండ్రంగా తిరిగారు. ఫైలు తప్పిపోయినప్పుడు అరల మధ్య తిరిగినట్టు.

"ఇక్కడే ఉండాలే. కాగితం మీద నేను వేలు పెట్టి మరీ చూపించాను. ఇదిగో!" జేబులోంచి ప్లాను తీసి విప్పారు. "ఇదీ వీధి. ఇదీ నా సీటు. సీట్ల పటం ఇరవై ఎనిమిదేళ్ళు నా నెత్తి మీదే వేలాడింది, నాకు తెలీదా? కింద వీధి, పైన పార్కింగు."

టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుంది. కాగితాన్ని ఆయన చేతుల్లోనే అరచుట్టు తిప్పింది.

కొత్త ప్లానులో వీధి పైనుంది.

దస్త్రంగారి వేలు గాలిలోనే ఆగిపోయింది. ఒక్క కాగితం కూడా తలకిందులుగా పెట్టని మనిషి తన ఇంటినే తలకిందులుగా ఎంచుకున్నాడు. ఏడూ ఎనిమిదీ వీపుకి వీపు ఆనించుకున్న ఇళ్ళు. ఆయన స్తంభం, ఆయన మేకులు, ఆయన కిటికీ, ఎడమ భుజం మీది వెలుతురు, అన్నీ ఈ అట్టగోడకి అవతల.

"నీకు తెలుసు," అన్నారు ప్లాను మడుస్తూ.

"ఈ అంతస్తు కిటికీలన్నీ కొలిచినదాన్ని. ఎనిమిదికి ఒక్కటే కర్టెను."

"మరి చెప్పొచ్చు కదే!"

"చెప్తే సంతకం పెట్టకుండా ఉండడానికి సాకనేవారు. మీరు నా మాట ఎప్పుడు నమ్మారు? కాగితాన్నే నమ్ముతారు. అందుకని కాగితం దగ్గరికే తీసుకొచ్చాను."

దస్త్రంగారు గోడకి చెయ్యానించారు. గోడు చెప్పుకోవడానికి గోడైతే దొరికింది. కానీ ఆయన నోరు మూతపడే రకం కాదు. రెండు నిమిషాల్లో మోకాలు మళ్ళీ అదరడం మొదలైంది.

"పక్కవాళ్ళని అడుగుదాం. మార్చుకోమందాం. వాళ్ళకి ఏ కిటికీ అయితేనేం? ఏడో నంబరు వాళ్ళు కర్టెన్లకి చీటీ ఇచ్చే ఉంటారుగా? నీ సంచీలో ఉందిగా? చూడనీ, ఎవరో ఏమిటో!"

టైలరమ్మ సంచీని రెండు చేతుల్తోనూ పొట్టకి అదుముకుంది.

"వద్దండీ."

ఆ 'అండీ'లోని బతిమాలింపు విని ఆయన నిజంగా భయపడ్డారు. ఆవిడ బతిమాలిందంటే ప్రమాదం దగ్గరపడిందన్న మాటే.

"ఇలా ఇవ్వు."

ఆవిడ ఇవ్వలేదు. ఆయన లాక్కోలేదు. కాసేపటికి ఆవిడ వేళ్ళే వదులయ్యాయి. చీటీలు చాలా ఉన్నాయి. ఏడో నంబరుది మాత్రం అడుగున, నాలుగు మడతలు పడి, అంచులు నలిగి ఉంది. చాలాసార్లు విప్పి మళ్ళీ మడిచిన కాగితం. దస్త్రంగారు దాన్ని వెలుతురున్న ముందు గది గుమ్మం వైపు పట్టుకుని చదివారు.

"కిటికీ ఒకటే, పెద్దది. గుడ్డ పల్చగా ఉండాలి. వెలుతురు ఆపకూడదు."

పేరు లేదు. పైన నంబరు ఉంది. తొమ్మిది, సున్నా, ఏడు.

ఏడుకి నడుం దగ్గర అడ్డగీత.

"తొమ్మిది రోజులైంది," అంది టైలరమ్మ మెల్లిగా. "కౌంటరు పిల్ల చీటీల కట్ట చేతికిచ్చింది, ఇది అందులో ఉంది. అప్పట్నించీ మోస్తున్నాను. మీ మీద కోపంతో మాట్లాడ్డం లేదనుకున్నారు. నోరు విప్పితే ఇది జారిపోతుందని."

"దాన్ని అడిగావా?"

"ఏమని అడగను?"

లిఫ్టు మోగింది.

"తొమ్మిదో అంతస్తు," అంది లిఫ్టులోని ఆడగొంతు. తర్వాత అడుగులు. దస్త్రంగారు లెక్కపెట్టకుండా ఉండలేకపోయారు. పన్నెండు. ఎడమకి మలుపు. తొమ్మిది. చిన్నప్పుడు గంటని ఆఫీసుకి తీసుకొస్తే ఈ అడుగులే వేసుకుంటూ వచ్చి, ఆ కిటికీ గట్టు మీద కూర్చుని, కింద పోయే ట్రాములు లెక్కపెట్టుకునేది. అప్పుడు ఆ చిన్న కాళ్ళకి ఈ దూరం ముప్పై అడుగులు పట్టేది.

పక్క ఫ్లాటు తాళం తిరిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మ పెదాల మీద వేలు పెట్టింది. గోడకి అవతల కిటికీ తలుపు జరిపిన చప్పుడు. ఆ వెంటనే, డిపోలోని స్నేహితురాలితో కాబోలు, ఫోన్లో మాట్లాడుతున్న గంట గొంతు. అట్టగోడకి రహస్యం దాచే ఓపిక లేదు.

"ఊఁ అక్కా, ట్రామ్ డిపోలో పెట్టి ఇప్పుడే వచ్చాను, ఇంకో ట్రిప్పుకి అరగంట ఉంది. తాళాలు నిన్ననే ఇచ్చారు. లేదు, ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? మా నాన్న తన సీటు దొరికిందని సంబరపడుతున్నాడు. అది నా దగ్గరుంది. ఇందాక ఇంట్లో చెప్దామనే గదిలోంచి వచ్చాను, మొహం చూసేసరికి నోరు రాలేదు."

దస్త్రంగారు చీటీని పాత మడతల మీదే మళ్ళీ మడిచారు.

"చెప్తే కోప్పడడక్కా. అదే నా బాధ! 'అయితే మరీ మంచిది, అందరం అక్కడే ఉందాం' అంటాడు. మిషనుతో సహా దిగిపోతారు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళక్కా. నేను తీసుకున్నది కిటికీ కోసమని నువ్వూ అనుకుంటున్నావు. కిటికీ బాగుంది, కాదనను. కానీ నాకు కావల్సింది తలుపు. లోపల్నించి నేను వేసుకునే తలుపు ఒకటి."

టైలరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు. మెళ్ళోని టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"అంకుల్!" వరండాలోంచి కౌంటరు అమ్మాయి గొంతు ఖంగుమంది. "తొమ్మిది వందల ఎనిమిది అంకుల్! కాగితాలు ముందే రెడీ! ఆంటీ సంతకం ఒక్కటే. పైకే తెచ్చేశాను, ఇక్కడే పెట్టేస్తారా?"

గోడకి అవతల ఫోను మాట సగంలో తెగిపోయింది.

ఇటు వీళ్ళిద్దరూ. అటు గంట. మధ్యలో అంగుళం మందం అట్ట.

ప్లాస్టిక్ పట్టా తొలగించుకుని కౌంటరు అమ్మాయి లోపలికొచ్చింది, ఒక చేతిలో కాగితాలు, మొహం నిండా నవ్వు. టైలరమ్మ ఆ కాగితాల వంక చూసింది. అట్టగోడ వంక చూసింది. తర్వాత మొగుడి వైపు చెయ్యి చాపింది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి. కిటికీ లేకపోతేనేం, పిల్ల పక్కనుంటుంది."

ఆదివారం నుంచీ పెన్ను పట్టుకుని ఆవిడ చుట్టూ ప్రదక్షిణం చేసిన మనిషి, దాని తలుపు దానికుండనీ అన్నట్టు, జేబు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పక్క ఫ్లాటు తలుపు లోపలి గడియ తీసిన చప్పుడు వినిపించింది.